ఇంటి వంట టపాలో వెళ్లేటప్పుడు

దసరా వెళ్లి దీపావళి వస్తున్న ఈ రోజుల్లో మన శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. ఇంట్లో చేసిన పదార్థాన్ని దూరాన ఉన్న మనిషికి పాడవకుండా చేర్చడం ఎలా? అందువల్ల ఈసారి తక్కిన ప్రశ్నలను పక్కన ఉంచి, విశాఖపట్నం నుంచీ విశాఖ విడిచి వెళ్లిన వారి నుంచీ వచ్చిన ఐదు ఉత్తరాలకు మాత్రమే సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పుణెలో మొదటి ఉద్యోగం వచ్చింది. దీపావళికి సెలవు దొరకలేదు. దానికి ఇష్టమని బొబ్బట్లు, కొబ్బరి లౌజు, సున్నుండలు, కాస్త పులిహోర చేసి స్పీడ్ పోస్టులో పంపాలని అనుకుంటున్నాను. కౌంటరు దగ్గర ‘పాడయ్యేవి ఏమైనా ఉన్నాయా అమ్మా?’ అని అడిగితే ఏమని చెప్పాలి? వీటిలో ఏవి పంపవచ్చు?
(ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

సమాధానం: కౌంటరులో నిజమే చెప్పండి. ఒక పార్సిల్ కారినా కుళ్లినా అదే సంచిలో ప్రయాణిస్తున్న మరొకరి మందులు, సర్టిఫికెట్లు, పెళ్లి శుభలేఖలు పాడవుతాయి కనుకనే వారు ఆ ప్రశ్న అడుగుతారు. ‘పాడయ్యేవి ఏమీ లేవు బాబూ’ అని నిబ్బరంగా చెప్పగలిగిన పార్సిల్‌నే మనం కట్టాలి. మీరు రాసిన నాలుగింటిలో సున్నుండల విషయంలో మాత్రమే మీరు ఆ మాట చెప్పగలరు.

పదార్థం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దానిలోని తడి మీద, ఇంకా సరిగా చెప్పాలంటే సూక్ష్మజీవులకు అందే తడి మీద ఆధారపడి ఉంటుంది. పాకంలోని నీటిని పంచదార, ఊరగాయలోని నీటిని ఉప్పు పట్టి ఉంచుతాయి, అలా పట్టుబడిన నీరు సూక్ష్మజీవులకు దక్కదు. ఆహార శాస్త్రంలో దీనిని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటిని 1గా తీసుకుంటే, చాలా రకాల బాక్టీరియా 0.90 కన్నా తక్కువ ఉన్న చోట పెరగలేవు. మన చేతుల మీదా ముక్కులోనూ ఉండే స్టెఫైలోకాకస్ మాత్రం సుమారు 0.86 దాకా తట్టుకుంటుంది, బూజులు 0.70 దగ్గర కూడా పట్టగలవు, 0.60కి దిగువన ఏదీ పెరగదు. జంతికలు, గవ్వలు, చేగోడీలు నెల రోజులు నిలవడానికీ, బొబ్బట్టు రెండో రోజుకే పులవడానికీ కారణం ఇదే. బొబ్బట్టు పైకి పొడిగా కనిపించినా లోపల ఉన్నది ఉడికించి రుబ్బిన శనగపప్పు. అందులో బెల్లం పట్టి ఉంచగలిగిన దానికన్నా ఎక్కువ నీరు ఉంటుంది. లౌజులోని పచ్చికొబ్బరి సంగతీ అంతే, పైగా కొబ్బరిలోని నూనె త్వరగా మక్కు వాసన వేస్తుంది.

పులిహోర దగ్గరే చాలామంది పొరబడతారు. చింతపండు పులుపు, నూనె, పసుపు ఉన్నాయి కదా, రైలు ప్రయాణానికి కట్టుకుని వెళ్తాం కదా, పార్సిల్‌లో ఎందుకు వెళ్లదని అడుగుతారు. రైల్లో పొద్దున కట్టిన పొట్లాన్ని మధ్యాహ్నానికి విప్పి తినేస్తాం, పార్సిల్‌లో అది మూడు నాలుగు రోజులు మూత కింద ఉంటుంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా గింజల వంటి దశలో ఉన్నప్పుడు అన్నం ఉడికినా చావదు. అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు నిలవ ఉంటే అది మేల్కొని విషాన్ని తయారు చేస్తుంది. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన ఆహారాన్ని 5 డిగ్రీల సెల్సియస్ లోపల చల్లగానో, 60 డిగ్రీల పైన వేడిగానో ఉంచాలని, ఆ రెండింటి నడుమ ఉన్నది ప్రమాదకరమైన వేడి అని ఆహార భద్రత నియమాలు చెబుతాయి. మీరు బుక్ చేసిన క్షణం నుంచి పుణెలో తలుపు తట్టే దాకా మీ డబ్బా ఆ నడుమనే ఉంటుంది. ఐస్ ప్యాకెట్ పెడదామని కొందరు రాశారు. థర్మోకోల్ పెట్టెలో అది ఒక రోజు చల్లదనాన్ని నిలపవచ్చు గాని మూడు రోజులకు చాలదు, కరిగాక పెట్టె లోపల చేరే చెమ్మ పక్కనున్న జంతికలను కూడా పాడు చేస్తుంది.

శబరిమల అరవణ పాయసాన్ని తపాలా శాఖ 2020 నవంబరు నుంచి తక్కిన ప్రసాదాలతో కలిపి స్పీడ్ పోస్టులో దేశమంతటా అందిస్తోంది. పాయసం వెళ్లగా పులిహోర ఎందుకు వెళ్లదని మీకు అనిపించవచ్చు. అరవణలో బియ్యం చిక్కని బెల్లం పాకంలో, నేతిలో బాగా దగ్గరపడేదాకా ఉడుకుతుంది, ఆ తరువాత డబ్బాలో సీలు పడుతుంది. మన పక్కనున్న మాడుగుల హల్వా కూడా అటువంటిదే. గోధుమపాలను పంచదారతోనూ నేతితోనూ గంటల తరబడి కలియబెట్టడంతో విడిగా ఉన్న నీరు ఆవిరైపోతుంది, మిగిలిన కాస్త నీటినీ పంచదార పట్టి ఉంచుతుంది. ముట్టుకుంటే మెత్తగా ఉన్నా అది ప్రయాణాన్ని తట్టుకుంటుంది. మెత్తదనాన్ని చూసి గాని గట్టిదనాన్ని చూసి గాని నిర్ణయించకూడదని చెప్పడానికే ఈ రెండు ఉదాహరణలు.

ఇప్పుడు మీ అమ్మాయి పార్సిల్ సంగతి చూద్దాం. పులిహోరకు బదులు పులిహోర పులుసు పంపండి. చింతపండు గుజ్జును ఉప్పు, పసుపు, పచ్చిమిర్చితో నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించి, పోపు కలిపి, పూర్తిగా చల్లారాక చిన్న సీసాలో పెడితే, అమ్మాయి అక్కడ కుక్కర్‌లో అన్నం వండుకుని అప్పటికప్పుడు కలుపుకుంటుంది. ఆ గదిలో మీ ఇంటి పోపు వాసన తాజాగానే వస్తుంది. లౌజుకు బదులు ఎండుకొబ్బరి, పంచదార, వేయించిన నువ్వులు నింపిన కజ్జికాయలు చేయండి. సున్నుండలను అనకాపల్లి బెల్లంతో చేస్తే రుచి వేరే సంగతి గాని బెల్లం గాలిలోని చెమ్మను లాగుతుంది, నెయ్యి కూడా మన మధ్యాహ్నపు వేడికి కరిగి ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాబట్టి ఈ ఒక్కసారికి పంచదారతో చేసి, నెయ్యి కొంచెం తగ్గించి గట్టిగా ఉండ కట్టండి. మీకు బెల్లం సున్నుండలే పంపాలని ఉంటే, వేయించి పట్టిన మినప్పిండిని ఒక కవరులోనూ తరిగిన బెల్లాన్ని మరొక కవరులోనూ విడివిడిగా పంపి, నెయ్యి అక్కడే కొనుక్కుని కలుపుకోమనండి. బొబ్బట్లను మాత్రం అమ్మాయి ఇంటికి వచ్చే రోజుకు ఉంచండి. పుణెకు కాక విజయనగరానికో రాజమండ్రికో అయితే వాటిని కూడా పంపవచ్చు. పొద్దున్నే చేసి చల్లార్చి ద్వారకా బస్ స్టేషన్‌లో ఆర్టీసీ కార్గోకు ఇచ్చి, ఏ బస్సులో వెళ్తుందో కనుక్కుని, అవతలి వారిని బస్టాండుకు వెళ్లి తీసుకోమంటే ఆ రోజే అందుతాయి.

వీధి చివర పోస్టాఫీసులో ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా వంటలో భాగమే. సోమవారం గాని మంగళవారం గాని ఇస్తే ఆదివారం దారిలో పడదు. పండుగకు రెండు మూడు రోజుల ముందు ఇచ్చిన పార్సిళ్లు రద్దీలో ఆగుతాయి, కనుక పది రోజుల ముందే పంపండి. నేనైతే కౌంటరులో చెప్పిన రోజులను రెట్టింపు చేసి లెక్కవేస్తాను. నాలుగు రోజులు అంటే ఎనిమిది రోజులు నిలిచే పదార్థాన్నే పెడతాను.

మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆడపిల్ల సారెలో ఏం పెట్టేవారో గుర్తు చేసుకోండి. అరిసెలు, సున్నుండలు, మినపజంతికలు, కాజాలు, బూందీ లడ్లు, గవ్వలు. కావిళ్లలోనో ఎడ్లబండిలోనో ఊళ్లు దాటి వెళ్లి, ఆ తరువాత వారం రోజుల పాటు వీధిలో అందరికీ పంచవలసినవి అవి. పచ్చి చలిమిడి ఒక్కటే తడి సరుకు, దానిని వెళ్లిన రోజునే పంచేసేవారు. ఏమి పంపాలో తోచనప్పుడు నేను ఆ సారె జాబితానే చూస్తాను.

ప్రశ్న: గత వేసవిలో ఒక కొరియర్‌లో పంపిన ఆవకాయ సీసా దారిలో కారి, అదే పెట్టెలో ఉన్న మా తమ్ముడి కొత్త చొక్కాలు రెండూ ఎర్రబడ్డాయి. మూతకు టేపు కూడా వేశాను. ఎక్కడ పొరపాటు జరిగింది?
(ఒక పాఠకుడు, గాజువాక)

సమాధానం: టేపు నూనెను ఆపలేదు. నూనె తగిలిన వెంటనే టేపుకు ఉన్న జిగురు విడిపోతుంది. పొరపాటు బహుశా ఇంకా ముందే, ఊరగాయను సీసాలో నింపినప్పుడే జరిగి ఉంటుంది.

కొత్త ఆవకాయ మూడో రోజు తిరగగలిపిన తరువాత కూడా కొన్నాళ్ల పాటు ఊట వదులుతూనే ఉంటుంది, కొంచెం గాలి కూడా పుడుతుంది. బిగించిన మూత కింద ఆ గాలికి చోటు లేకపోతే నూనెను పైకి తోస్తుంది. కాబట్టి కలిపిన రెండు మూడు వారాల తరువాత, ముక్క ఊరి, ఊట నిలకడ పడ్డాకనే పంపాలి. ఇంట్లో నిలవ ఉంచే ఊరగాయకు ముక్కల మీద నూనె తేలి ఉండాలి. అమ్మకానికి పెట్టే నూనె ఊరగాయల మీద కనీసం అర సెంటీమీటరు నూనె పొర ఉండాలని, లేదా నూనె పదో వంతుకు తగ్గకూడదని మన ఆహార ప్రమాణాలు కూడా చెబుతాయి. అయితే దారిలో కారేది ఆ పైనున్న నూనెనే. నేను చేసే పద్ధతి ఏమిటంటే, ముక్కలు తడిసేంత నూనెతో ముద్దగా ఉన్న ఊరగాయను సీసాలో మూడు వంతులు నింపి, పైన ఒక వంతు ఖాళీ ఉంచి పంపుతాను. అందుకున్నవారు నువ్వులనూనెను కాచి చల్లార్చి, ముక్క మునిగేదాకా పోసుకుంటే చాలు. ఈ మాట ఒక చీటీ మీద రాసి సీసాకు చుట్టి పంపడం మరవకండి.

సీసా మూతి చుట్టూ ఉన్న మరలను పొడి గుడ్డతో నూనె మరక లేకుండా తుడవాలి. అక్కడ ఒక్క ఆవపిండి రేణువు ఉన్నా మూత సరిగా కూర్చోదు. మూతి మీద మందమైన ప్లాస్టిక్ ముక్క పరచి దాని మీద మూత బిగించాలి. వంటింట్లో వాడే వెండిరంగు అల్యూమినియం కాగితాన్ని ఇక్కడ వాడకూడదు, ఉప్పూ పులుపూ కలిసి దానికి సన్నని చిల్లులు పెడతాయి. ఆ తరువాత సీసాను పాత న్యూస్ పేపరు మీద బోర్లించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున లేచి చూసినప్పుడు కాగితం మీద గుండ్రని నూనె మరక ఉంటే ఆ మూత ప్రయాణానికి పనికిరాదు. మీ సీసాకు ఈ పరీక్ష చేసి ఉంటే మీ తమ్ముడి చొక్కాలు దక్కేవి.

ద్రవాలను ఒకదానిలో ఒకటిగా రెండు పాత్రలలో పెట్టి, లోపలిది పగిలితే కారినదంతా పీల్చుకునేలా నడుమ రంపపు పొట్టు వంటిది నింపాలన్నది తపాలా శాఖ ఏనాటి నుంచో పాటిస్తున్న నియమం. మనం సీసాను ఒక జిప్ కవరులో, దానిని మరొక కవరులో పెట్టి, చుట్టూ పాత నూలు చీర ముక్కలు కుక్కవచ్చు. గాజు కన్నా మందపాటి ప్లాస్టిక్ సీసా మేలు. పెట్టె మూసి చెవి దగ్గర ఊపి చూడండి, ఏదైనా కదిలిన చప్పుడు వస్తే ఇంకా గుడ్డలు పెట్టాలి. మా నాన్నగారు పార్సిల్‌ను తెల్లని లాంగ్ క్లాత్‌లో పెట్టి, దబ్బనంతో అంగుళానికి రెండు కుట్లు చొప్పున కుట్టి, ముడుల మీద లక్క కరిగించి పోసేవారు. ఆ గుడ్డ మీద నూనె చుక్క కనిపిస్తే మళ్లీ మొదటి నుంచీ విప్పేవారు. ఇప్పుడు అట్టపెట్టె మీద టేపు చుట్టేయడం వల్ల ఆ చుక్క మన కంట పడడం లేదు.

చిరునామా విషయంలో ఒక మాట. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలు పార్సిల్ ఏ జిల్లా దారి పట్టాలో చెబుతాయి. 530 బదులు 520 అని రాస్తే విశాఖకు రావలసినది విజయవాడ దారి పడుతుంది. ఉత్తరమైతే ఆలస్యంగా అయినా చేరుతుంది, ఆహారానికి ఆ రెండు రోజులు చాలా ఎక్కువ. పైన రాసిన చిరునామానే ఫోను నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టె లోపల కూడా వేయండి.

ప్రశ్న: మా అమ్మ చేసే రొయ్యల పచ్చడి అంటే మా తమ్ముడికి ప్రాణం. వాడు రాజస్థాన్‌లోని కోటాలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు, గదిలో ఫ్రిజ్ లేదు. రొయ్యలు నూనెలో బాగా వేయించి, నిమ్మరసం పిండి, నూనె నిండా పోసి పంపితే పది రోజులు ఉండదా?
(ఒక పాఠకురాలు, పెద జాలరిపేట)

సమాధానం: పంపవద్దు. ఈ ఒక్క విషయంలో నేను మధ్యేమార్గం చెప్పలేను.

మామిడికాయ పుల్లనిది, ఆ పులుపు ముక్క లోపలి దాకా ఉంటుంది. రొయ్యలో పులుపు లేదు. మీరు పిండిన నిమ్మరసం మసాలాలోకి వెళ్తుంది గాని రొయ్య నడిమికి సరిగా చేరదు. ఎంత వేయించినా తినేందుకు వీలుగా ఉండాలంటే లోపల కొంత మెత్తదనం, అంటే కొంత తడి మిగలాలి. పైన నిండుగా పోసిన నూనె గాలిని రానివ్వదు. గాలి లేకపోతే బూజు పట్టదని మనం సంతోషిస్తాం గాని, క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే బాక్టీరియాకు గాలి లేని చోటే కావాలి. పులుపును కొలిచే పీహెచ్ అనే అంకె పులుపు పెరిగే కొద్దీ తగ్గుతుంది, అది 4.6 కన్నా తక్కువ ఉన్న చోట ఈ బాక్టీరియా పెరగదు, అందుకే మామిడి, నిమ్మ ఊరగాయలతో ఆ భయం లేదు. రొయ్యలు, చికెన్, మటన్ ఆ గీతకు చాలా పైన ఉంటాయి. దాని బీజాలు మామూలు మరుగుకు చావవు, పీడనంలో 121 డిగ్రీలకు వేడెక్కిన ఆవిరి కావాలి. అది తయారు చేసే విషం రంగులో గాని వాసనలో గాని తెలియకపోవచ్చు. అటువంటి కేసులు అరుదే అయినా, సోకితే చూపు రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మింగుడుపడకపోవడం మొదలై ఊపిరి దాకా వస్తుంది. అవి కనిపించిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటికి దూరంగా, హాస్టల్ గదిలో ఉన్న పిల్లవాడిని ఆ అవకాశానికి వదలలేము.

అయితే మీ తమ్ముడికి రొయ్యల రుచి అందకూడదని నేను అనడం లేదు. మీరు సముద్రం పక్కనే ఉన్నారు. రేవులో గాని పూర్ణా మార్కెట్‌లో గాని మంచి రొయ్యపప్పు, అంటే బాగా ఎండిన చిన్న రొయ్యలు తెచ్చుకోండి. గోరుతో గిల్లితే పుటుక్కున విరగాలి, వంగితే తడి ఉన్నట్టు. తలలూ కాళ్లూ తీసి, చాటలో చెరిగి ఇసుక పోగొట్టి, మందపాటి మూకుట్లో సన్నని సెగ మీద వేయించండి. మొదట వచ్చే నీచువాసన తగ్గి కమ్మని వాసన మొదలైనప్పుడు, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేటప్పుడు దించాలి. ఎండుమిర్చి, జీలకర్ర, ధనియాలు కూడా విడిగా వేయించి, వెల్లుల్లి రేకలను తడి పోయి కరకరలాడేదాకా వేయించి, ఉప్పుతో కలిపి పొడి కొట్టి, ఒక పళ్లెంలో పరచి పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ పొడిలో తడి లేదు కనుక పది రోజుల ప్రయాణాన్ని తట్టుకుంటుంది. వేడి అన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటే హాస్టల్ కూర గురించి వాడు ఆ పూట మాట్లాడడు. రెండు కవర్లలో సీలు వేయించి పంపండి. ఆ వాసన శాకాహారుల పార్సిళ్లకు అంటకుండా చూడడం మన బాధ్యత.

అమ్మ చేతి పచ్చడి వాడు సెలవులకు వచ్చినప్పుడు ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో తినేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో, అమ్మాయి డాలస్‌లో ఉన్నారు. ఇద్దరికీ ఒకే రకం మిఠాయిలు, పొడులు పంపవచ్చునా?
(ఒక పాఠకుడు, సీతమ్మధార)

సమాధానం: ఒకే రకం కుదరదు, ఏ దేశం నియమాలు ఆ దేశానివే. ఆస్ట్రేలియాలో జంతువుల, మొక్కల వ్యాధులు రాకుండా పార్సిళ్లను చాలా గట్టిగా తనిఖీ చేస్తారు. మన దేశం నుంచి వెళ్లే పాలకోవా, కలాకండ్ వంటి పాల మిఠాయిలను రానివ్వరు. యూరోపియన్ యూనియన్ దేశాలు కూడా బయటి నుంచి వ్యక్తులకు వచ్చే పార్సిళ్లలో మాంసం, పాల పదార్థాలు అనుమతించవు. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చే ఆహారం గురించి ముందుగా తెలియజేయాలి గాని, ఒక వ్యక్తి తన ఇంట్లో తయారు చేసి మరొక వ్యక్తికి కానుకగా పంపే ఆహారానికి ఆ షరతు నుంచి మినహాయింపు ఉంది. మాంసం కలిసినవి మాత్రం అక్కడికీ పంపకూడదు. అమెరికా 2025 ఆగస్టులో చిన్న పార్సిళ్ల సుంకం నియమాలను మార్చింది, అందువల్ల బుక్ చేసే రోజున సుంకం సంగతి కౌంటరులో అడిగి తెలుసుకోండి.

కస్టమ్స్ ఫారంలో ‘స్వీట్లు’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. కందిపొడి, కరివేపాకు పొడి, జంతికలు అని ఒక్కొక్క దానికి అవి ఏ పప్పుతో ఏ పిండితో చేసినవో, ఎంత బరువో, ఎంత విలువో ఇంగ్లీషులో రాయండి. తనిఖీ చేసేవారికి అర్థం కాని డబ్బానే ముందు విప్పుతారు. ఎవరి సామానులోనైనా ఇచ్చి పంపదలిస్తే ఎండుకొబ్బరి చిప్పలు ఇవ్వకండి. వాటిలోని నూనె త్వరగా అంటుకుంటుందన్న కారణంతో 2022లో విమానంలో వేసే సామానులో వాటిని నిషేధించారు.

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాను. విశాఖ నుంచి అమ్మ పంపిన అరిసెల డబ్బా వారం తరువాత అందింది. కొన్నింటి మీద తెల్లని మచ్చలు ఉన్నాయి. అవి గీకేసి తింటే ఏమవుతుంది? అమ్మకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులతో నిలబడి చేసింది. పారేయడానికి చేతులు రావడం లేదు, ఆమెకు చెప్పడానికి నోరు రావడం లేదు.
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: మొదట ఆ మచ్చ ఏమిటో చూడండి. ఒక అరిసెను పళ్లెంలో పెట్టి కొద్దిగా వెచ్చచేయండి. తెల్లదనం కరిగి మెరిస్తే అది పేరుకున్న నెయ్యి, నిశ్చింతగా తినవచ్చు. కరగకుండా, వెలుతురులో పక్క నుంచి చూస్తే దూది పీచులా నిలబడి ఉంటే అది బూజు. బూజు అయితే గీకి తినకండి. పైన కనిపించేది దాని పువ్వు వంటిది మాత్రమే, దాని దారాలు మెత్తని అరిసె లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు బియ్యం, నువ్వులు, వేరుశనగ వంటి వాటిలో చేసే విషాలు మళ్లీ వేయించినా పోవు. ఒకే డబ్బాలో చెమ్మ అందరికీ పంచినట్టే చేరుతుంది కనుక, మచ్చ లేనివి కూడా అదే పొరలో ఉంటే వదిలేయండి.

ఇక అమ్మకు చెప్పడం గురించి. చాలా ఏళ్ల క్రితం నేను మా తమ్ముడికి వానాకాలంలో కొబ్బరి లౌజు పంపాను. పార్సిల్ ఒక గోదాములో రెండు రోజులు ఎక్కువగా ఆగిపోయింది. వాడు డబ్బా విప్పి, పులిసిన వాసన వస్తున్నా, అక్క చేసిందని తిని రెండు రోజులు మంచాన పడ్డాడు. ఫోను చేసి ‘చాలా బాగుందక్కా’ అన్నాడు. నేను ఆ మాట నమ్మి మరుసటి నెలలో మళ్లీ అదే చేసి పంపాను. అసలు సంగతి ఏడాది తరువాత మా మరదలు చెబితే తెలిసింది. వాడికి కీడు చేసింది ఆగిన పార్సిల్ కన్నా నేను ఎంచుకున్న పదార్థం. ఆ సంగతి మొదటిసారే నాకు తెలిసి ఉంటే రెండోసారి పంపేదాన్ని కాదు. మీ అమ్మగారు కూడా మీరు చెప్పకపోతే సంక్రాంతికి మళ్లీ ఇలాగే నిలబడి ఇలాగే చేస్తారు, ఆ శ్రమ కూడా వృథా అవుతుంది. ‘అమ్మా, రుచి బాగుంది, కొన్ని చెమ్మకు పాడయ్యాయి, ఈసారి ఇలా చేద్దాం’ అని చెప్పండి. వంట తెలిసిన మనిషికి అది నింద అనిపించదు.

ఆమెకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అరిసెకు వాడేది నానబెట్టి దంచిన తడిపిండి, అందుచేత నిలవంతా పాకం మీద ఆధారపడి ఉంటుంది. పాకాన్ని నీళ్లలో వేసి చూసినప్పుడు మెత్తని ఉండకు బదులు పళ్లెం అంచుకు కొడితే కాస్త చప్పుడు వచ్చేంత ముదరనిస్తే అరిసె గట్టిపడుతుంది గాని బూజు పట్టదు. వేయించిన తరువాత అరిసెల చెక్కలతో బలంగా వత్తి నూనె తీయాలి, అక్కడ ఎవరైనా సాయం చేసేవారు ఉంటే ఆ పని వారికి అప్పగించమనండి. డబ్బాలో సర్దే తొందరలోనే సాధారణంగా తప్పు జరుగుతుంది. పైన చల్లారినట్టు ఉన్నా నడుమ వేడి ఉంటుంది, మూత పెట్టగానే ఆవిరి మూతకు చేరి చుక్కలుగా అరిసెల మీదనే పడుతుంది. మీరు చూసిన మచ్చలు పై వరసలోనే ఎక్కువగా ఉంటే కారణం ఇదే. వెదురు పళ్లెంలో నూలు గుడ్డ మీద ఒక్క వరసగా పరచి, సముద్రపు గాలి తగలని గదిలో ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దున మూత లోపలి భాగాన్ని కూడా పొడి గుడ్డతో తుడిచి సర్దాలి. ప్రతి వరసకూ నడుమ ఒక కాగితం వేయాలి.

మీ వైపు నుంచి చేయవలసినది కూడా ఉంది. డబ్బా అందిన రోజునే విప్పి, అన్నింటినీ ఒక పళ్లెంలో పరచి, వెలుతురులో ఒక ఫొటో తీసి అమ్మకు పంపండి. ఏ వరస ఎలా చేరిందో చూస్తే, తరువాత డబ్బాలో ఏ కాగితం ఎక్కడ వేయాలో ఆమెకే తెలుస్తుంది.